సమ్మె రోజుల ఓల్డ్ ఫ్యాషన్డ్

అమెరికాలోని బార్డ్స్‌టౌన్ ఊళ్లో విస్కీ ఫ్యాక్టరీలో సీసాలు నింపే లోరీన్ మాటింగ్లీ, ఆదివారం చర్చి నుంచి రాగానే ఇంట్లో పెద్దలందరికీ ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ పానీయం కలుపుతుంది. గ్లాసులో చక్కెర బిళ్ల వేసి, బిట్టర్స్ అనే చేదు కషాయం చుక్కలతో తడిపి నలిపి, విస్కీ, ఐసు పోసి, పైన నారింజ తొక్క పిండుతుంది. ఫ్యాక్టరీలో సమ్మె మొదలయ్యాక ఇంట్లో విస్కీ నిండుకుంది.

అదే ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడు వెర్నన్ కొత్త సీసా పట్టుకొచ్చాడు.

"మేనేజరు ఇచ్చాడక్కా. రేపు పనిలోకి రమ్మన్నాడు. పిల్లలున్నారు కదా, వెళ్దామనుకుంటున్నా."

"ఇది నింపిందెవర్రా?"

"బయటి కూలీలు. ఎవరైతేనేం, లోపలుంది మన విస్కీయేగా!"

"మన పొట్ట కొట్టి నింపింది నా గ్లాసులో పడదు."

సమ్మెలను ఇలాంటి కానుకలే ఎక్కువగా విరుస్తాయి. లోరీన్ సీసాను పక్కకు నెట్టి, అలమరలోని పీచ్ పండ్ల బ్రాందీతో ఓల్డ్ ఫ్యాషన్డ్ కలిపింది.

"బ్రాందీతోనా! అమ్మ సమాధిలోంచి లేచొస్తుందే!"

"రానీ, తనకీ ఒకటి కలుపుతా. తనూ ఒకప్పుడు సమ్మెలో ఆ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డదే."

వెర్నన్ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "దగ్గు మందులా ఉంది." అయినా గ్లాసు ఖాళీ చేశాడు.

మర్నాడు మూత తీయని ఆ సీసాను గేటు కాపలాదారు చేతిలో పెట్టి, వచ్చి గేటు ముందు సమ్మెలో ఉన్న అక్క పక్కన నిలబడ్డాడు.