లూపు వైరు

నాకు ముక్కు మీద కోపం. పని మధ్యలో కరెంటు పోతే నోటికెంతొస్తే అంత తిడతాను. ఆ మధ్యాహ్నం మడివాళ మార్కెట్ వెనక సందులోని బేకరీలో మాత్రం తిట్లు గొంతులోనే ఆగిపోయాయి.

పిండి కలిపే మిషన్ మోటారు మాటిమాటికీ ఆగిపోతోందని ఓనర్ ఫోన్ చేస్తే వెళ్లాను. గోడకున్న స్టార్టర్ డబ్బా మూత విప్పి, టెస్టర్‌తో ఒక్కో వైరూ చూస్తున్నాను. పక్కనే మిషన్ గరగరా తిరుగుతోంది. అంతలో కరెంటు పోయింది.

ఫోన్ టార్చ్ వేశాను. మోటారు ఆన్ చేసే పచ్చ బటన్ వెనక రెండు స్క్రూలనూ కలుపుతూ చిన్న వైరు ముక్క. లూపు! అంటే ఆ బటన్‌ను ఎప్పుడూ నొక్కి పట్టుకున్నట్టే. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. మిషన్ ఎలాగూ ఆగింది కదా అని దాన్ని ఆపి ఉంచే ఎర్ర బటన్ ఎవరూ నొక్కరు. ఏ వెధవ చేశాడీ పని అనుకుంటూ తల తిప్పాను.

అక్కడ పనిచేసే అక్క, కదిరి వైపు మనిషి, మిషన్ గిన్నెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కొక్కేనికి అంటుకున్న పిండి గీకుతోంది.

"అక్కా, చెయ్యి తియ్యి!"

"కరెంటు లేదు గదప్పా," అని నవ్వింది. "కరెంటు పోయినప్పుడే గదా మేము దీన్ని గీకేది. అప్పుడైతే బయముండదు."

"తియ్యమంటుంటే!"

"ఉండప్పా, గాజు తగులుకోనుండాది."

మెయిన్ స్విచ్ పిండి బస్తాల అవతల ఉంది. చేతికందే ఎర్ర బటన్ నొక్కాలన్న తెలివి కూడా రాలేదు. ఆ లూపునే వేళ్లతో పట్టి ఒక్క గుంజు గుంజాను. ఒక కొస ఊడింది. లైట్లు వెలిగాయి. ఫ్యాన్ తిరిగింది. మిషన్ కదల్లేదు.

అక్క గాజు విడిపించుకుని, లైటు వైపు చూసింది, నా వైపు చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని బస్తా మీద కూలబడింది. కాసేపటికి లేచి, రెండు వేడి బన్నులు కాగితంలో చుట్టి తెచ్చింది.

"నీ పుణ్యమా అని చెయ్యి మిగిలిందప్పా."

నేను ఆ వైరు ముక్కనే చూస్తున్నాను. కొస రెండు మడతలు పెట్టి, మెడకు మూడు చుట్లు నల్ల టేపు. అది నా అలవాటు. కరెంటు వచ్చిన ప్రతిసారీ బటన్ కోసం పరిగెత్తలేక చస్తున్నామని రెండేళ్ల కింద ఓనర్ గోలపెడితే, తర్వాత సరిగ్గా చేద్దాంలే అని వేసి మరిచిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"నా పుణ్యం కాదక్కా. ఇది వేసిందే నేను."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. బన్నులు నా చేతిలో పెట్టి, మెల్లగా అడిగింది.

"ఇట్లా ఇంకా ఎన్ని చోట్ల ఏసినావప్పా?"

బెళ్ళందూరులో చపాతీలు చేసే షెడ్డు గుర్తొచ్చింది. అక్కడా ఇలాంటి మిషనే. అక్కడా ఆడవాళ్లే గిన్నె గీకేది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎవరో ఎత్తగానే, నేనెవరో కూడా చెప్పకుండా అరిచాను.

"ముందు మెయిన్ ఆపండి!"