పిడికెడు జొన్నలు

పోలీసు చర్య నాటికి నేను చిన్నపిల్లను. నల్లగొండ దగ్గర మా ఊరి చర్చికి మా నాయన పాస్టరు. బర్మాలోని మన కూలీలకు వాక్యం చెప్పాలని ఓడ ప్రయాణానికి ఎదురుచూస్తున్నాడు. ఆ ఖర్చు కోసం విశ్వాసుల ఇళ్లలో ఆడవాళ్లు ఇసుర్రాయిలో జొన్నలు విసిరే ముందు పిడికెడు తీసి చర్చికి ఇచ్చేవారు.

ఒక ఉదయం మిలిటరీవాళ్లు చర్చిలో పోగైన ఆ జొన్నల బస్తాలు చూసి, కమ్యూనిస్టుల కోసం దాచాడని నాయనను కొట్టారు.

"దేవుని పనికి తీసిన గింజలయ్యా! నేను ఓడెక్కి బర్మా పోవాలె" అన్నాడు నాయన.

పారిపోతున్నాడనుకుని లారీ ఎక్కించి మిలిటరీ క్యాంపుకు తీసుకుపోయారు.

క్యాంపు నుంచి వచ్చాక ఆయన మళ్లీ నిలబడి ప్రసంగం చెప్పలేకపోయాడు. అమ్మ అలవాటుగా పిడికెడు తీస్తే, "ఇగ ఎవరు పోవాలె? ఇసుర్రాయిలనే వెయ్యి" అన్నాడు.

ఇప్పటికీ బియ్యం కడిగే ముందు నా చేయి పిడికెడు తీస్తుంది. తిరిగి గిన్నెలోనే పోస్తాను.