పళ్లెం మోగినా బెదరని కుక్కపిల్ల

మా వంటింటి గూట్లో ఒక ఇత్తడి పళ్లెం ఉంది. దాని అంచున బొటనవేలు పట్టేంత సొట్ట. చింతపండుతో ఎంత తోమినా ఆ సొట్టలో నలుపు మిగిలిపోతుంది. పులుపూ ఇత్తడీ కలిసిన వాసన వేళ్లకు అంటుకున్న రోజున నాకు అన్నం సయించదు.

మంచి ఏళ్లలో పెనుకొండ కొండకింద మా ఊరికి శ్రావణం వస్తే, తడిసిన ఎర్రమట్టి వాసన, దొడ్లోని గొర్రెల ఉన్ని వాసన, పొయ్యిమీద ఉడికే రాగిసంగటి వాసన ఒక్కసారిగా ఇల్లంతా నిండేవి. పచ్చి చెనక్కాయలు ఉప్పేసి ఉడకబెడితే పిల్లలం కడుపునొప్పి వచ్చేదాకా తిని, ఆ తొక్కల్ని చెవులకు కమ్మల్లా తగిలించుకుని వీధంతా తిరిగేవాళ్లం. 1972లో అవేవీ లేవు. మా తమ్ముడు డెబ్బై నాలుగంటాడు గానీ అప్పటికి వాడు చంకబిడ్డ, వాడి లెక్క చెల్లదు. వేరుశెనగకు ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేసింది. అదే నెలలో మందకు కాపున్న ముసలి కుక్క చచ్చిపోయింది. దాంతో కొండమీది తోడేళ్లకు మా దొడ్డి పుట్టిల్లయింది. చివరికి ఇరవై గొర్రెలు మిగిలాయి. అవీ పోతే ఊరు వదలాల్సిందే. ఆ మాట నాయన అనబోయేవాడు, అమ్మ అననిచ్చేది కాదు.

అలాంటప్పుడు రొళ్ల నుంచి మా మామ, అంటే అమ్మ తమ్ముడు, గంపలో రెండు కుక్కపిల్లల్ని మోసుకొచ్చాడు. ఒకటి కన్నడదేశపు ముధోళ జాతి, బూడిదరంగు, నడుమే లేనట్టు సన్నగా ఉంది. రెండోది అరవదేశపు రాజపాళయం జాతి, పాలనురుగు తెలుపు, గులాబీరంగు ముక్కు. రెండూ మా పక్క ఎవరూ చూడని వేటజాతులు.

“ఒకటి ధర్మవరంలో పట్టుచీరల సావుకారికి బావా. ఆయప్ప దుడ్లు కూడా ఇచ్చేసినాడు. అయినా మీకే ముందు చూపిస్తాండా, ఏది కావల్లో ఏరుకోండి” అన్నాడు మామ.

“రెండూ ఈడే ఉంచు మామా” అన్నాను.

“రెండిటికీ సంగటి పెట్టి, మీ నాయన్ను పస్తు పండబెడ్తావా?”

నాయన బూడిదరంగు దాని పొడుగు కాళ్లు నిమురుతుంటే మా అవ్వ, అంటే నాయన తల్లి, అడ్డం వచ్చింది. “కాళ్లు చూసి కుక్కను తీసుకుంటారట్రా? గుండె చూడల్ల.”

అవ్వ పుట్టింటివాళ్లు తరాలుగా మందకాపరులు. వాళ్లు కుక్కపిల్లల ముందు గంజి పోసి, వెనకనుంచి పళ్లెం మోగిస్తారు. బెదరనిదే మందకు తగిన కుక్క. అవ్వ రోకలిబండతో పళ్లెం మీద ఒక్కటిచ్చింది. బూడిదరంగుది ఎగిరిపడి, ఉచ్చ పోసుకుని, అమ్మ కుచ్చిళ్లలో దూరింది. తెల్లది గంజి నాకుతూనే ఉంది.

“చూస్తివా! పిడుగు పడినా ముద్ద వదలడు. ఈడురా మగోడు!”

“బూదోడు సావుకారి పట్టుచీరల మీద పోయకుంటే చాలత్తా” అన్నాడు మామ. అందరం నవ్వాం.

తెల్లోడు ఏపుగా పెరిగాడు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం వచ్చేవాడు కాదు. కాలితో నేల తన్నితే తలెత్తి చూసి, తీరుబడిగా లేచి వచ్చేవాడు. “ఏమక్కా, మీ దొర పిలిస్తే పలకడేమి?” అని పక్కింటామె ఎకసెక్కం చేస్తే, “పిలిస్తే పరిగెత్తేది కూటికుక్కమ్మా” అనేది అవ్వ. మేమూ దాన్ని గర్వమే అనుకున్నాం.

మరుసటి ఏడు ఉగాది దాటాక, దుమ్ముగాలి లేచిన ఒక సాయంత్రం, నాయన నీళ్లకు పోయిన సమయంలో తోడేళ్లు తెల్లోడి వీపు వైపునుంచి వచ్చాయి. గొర్రెలు ముళ్లకంప తొక్కుకుంటూ బయటపడ్డాయి. “తెల్లోడా! రేయ్, తెల్లోడా!” అని నా గొంతు చీలిపోయేలా అరిచాను. వాడు ముందుకాళ్ల మీద గడ్డం ఆనించి కొండకేసి చూస్తున్నాడు. మంద పరుగుకు నేల అదిరాకే లేచాడు. లేచాక మాత్రం వెనుదీయలేదు. ఎదుటి తోడేలు గొంతు పట్టాడు, వెనక వచ్చేదాన్ని ఎరగడు. అమ్మ కొరివి విసిరి వాటిని తరిమేలోపు వాడి తొడ చీలిపోయింది. బెదిరిన గొర్రెలు ఒకదాని వెనక ఒకటి నీళ్లులేని బావిలోకి దూకేశాయి. బావిలోంచి వచ్చిన అరుపులు ఒక్కొక్కటే ఆగిపోవడం నేను గట్టున కూర్చుని విన్నాను.

తెల్లవారాక నాయన పళ్లెం తెచ్చి, గాయం నాకుకుంటున్న తెల్లోడి వెనక నిలబడి మోగించాడు. మళ్లీ మోగించాడు. వాడు నాకుతూనే ఉన్నాడు.

“మా... ఈనికి చెవుల్లేవు” అన్నాడు అవ్వతో.

అవ్వ పళ్లెం లాక్కుని, వాడి చెవి పక్కనే తనూ కొట్టి చూసింది. తర్వాత దాన్ని రోలుకేసి విసిరింది. ఆ సొట్ట అప్పటిదే. మా నాటుకుక్కల్లో ఎన్నడూ తప్పని పరీక్ష అది. ఆ తెల్లజాతి పిల్లల్లో పుట్టుచెవుడు ఉంటుందని మాకెవరు చెప్పాలి?

మిగిలిన నాలుగు గొర్రెలు హిందూపురం సంతలో అమ్ముడుపోయాయి. మేమూ ఆ ఊరికే చేరాం; నాయన అక్కడే చింతపండు మండీలో మూటలు మోశాడు. బళ్లో నా పేరు కొట్టేశారు. అవ్వ మాతో రాలేదు. “నేను వస్తే ఈన్ని కూటికి పిలిచేదెవరు?” అని వాకిట్లో కీళ్లనొప్పి కాలితోనే నేల తన్నుతూ ఉండిపోయింది. ధర్మవరంలో బూదోడు మగ్గం దెబ్బ దెబ్బకూ ఎగిరి మొరుగుతున్నాడనీ, సావుకారి తిట్లు తాను భరించలేకపోతున్నాననీ మామ వచ్చి చెప్పాడు. “ఆ ఇంటికి తెల్లోడు, మీ మందకు బూదోడు పోవాల్సింది బావా” అన్నాడు. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు ఆ ఊళ్లో మందల్లేవు. దొడ్డి ఉన్నచోట ఇళ్లు లేచాయి. కొండమీద తోడేళ్ల కూత కూడా ఆగిపోయిందంటారు. ఆగిందో లేదో చెప్పడానికి నాకు ఆధారం లేదు. పోయిన వారం గూట్లోంచి ఆ పళ్లెం జారి బండలమీద పడిందట. ఇంట్లో అందరూ ఉలిక్కిపడ్డారట. అటు వీపు పెట్టి బియ్యంలో రాళ్లేరుకుంటున్న నేను తల తిప్పలేదట. “నీకు భలే ధైర్యం అవ్వా!” అని నా మనవరాలు ఎదురుగా వచ్చి నిలబడి, అరిచి చెప్పింది.

ఆ పిల్ల ఈమధ్య నన్ను వెనకనుంచి పిలవడం మానేసింది. నేలమీద కాలితో తన్నుతుంది. నేను తలెత్తి చూస్తాను.