పైవరస టైర్లు

సిరిసిల్లలో లారీ దిగేసరికి ఉదయం ఆరుంబావు. తొంభైల చివర, జూలై ముసురు. ముప్పై మందిమి పోలీసులం. రైఫిలు, దుప్పటి, దోమతెర. దోమతెర చూసి నవ్వుకున్నాం. అంతకుముందు ఆరునెలలు గోదావరి దగ్గర వెల్గటూర్‌లో డ్యూటీ చేశాం. అక్కడ నోరు తెరిస్తే దోమలే. అయినా ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ఇక్కడ వెతికినా దోమ లేదు.

నక్సలైట్లు కాలుస్తారని సెక్షన్ కమాండర్ మా క్యాంపు గేటు ముందు పాత లారీ టైర్లు నడుమెత్తు పేర్పించాడు. మట్టి నింపమన్నాడు. పైవరస నింపలేదు. బద్ధకం, అంతే.

ఆగస్టులో సెలవు మీద విజయవాడ వెళ్లి జ్వరంతో తిరిగొచ్చాను. ఒళ్లంతా విరిచేసింది. ఐదు రోజులు పగటి డ్యూటీ ఆ టైర్ల వెనకే కూర్చుని చేశాను. తగ్గింది.

మూడు వారాలకు గేటు ఎదుటి సందులో జ్వరాలు మొదలయ్యాయి. అన్నీ సాంచాల ఇళ్లే. పవర్‌లూమ్‌లను అక్కడ సాంచాలంటారు. మొదటి ఇల్లు రాజయ్యది. ఆయన బిడ్డ రజిత తొలికాన్పుకు వచ్చింది. పగలంతా గుమ్మంలో కూర్చుని కండెలు చుట్టేది. నాకు చాయ్ పంపేది.

మలేరియా వర్కర్ యూసుఫ్ వచ్చి ఇంటింటా నీళ్ల గోలేలు వంపించాడు. తర్వాత నా దగ్గరికొచ్చాడు.

"అన్ని దోమలు గీ జ్వరం మొయ్యయి సారు. గోదారి కాడియి వేరే. గిది మంచినీళ్లల్ల పుడుతది, పట్టపగలు కుడుతది, నాలుగిండ్లు దాటది. ఉత్త దోమతోని గూడ కాదు. జ్వరమున్న మనిషి రావాలె. రెండు ఒక్కకాడ కలిస్తెనే గీ గత్తర. గీడ ముందుగాల ఎవలకొచ్చింది?"

యూసుఫ్ టైర్ల వైపు తిరిగాడు.

"గా టైర్లు ఒక్కపారి సూస్త."

పదకొండూ ఇరవై. కమాండర్‌కి వైర్‌లెస్ సెట్ నొక్కాను. "సార్, మలేరియా అతను టైర్లలో నీళ్లు చూస్తాడట. ఓవర్."

"సివిలియన్ గేటు దగ్గరికి రాకూడదు. టైరు కదిలితే నీ తోలు వలుస్తా. ఔట్."

యూసుఫ్‌ని పంపేశాను. టైరు కదపకుండానే మగ్గుతో నేనే తోడెయ్యొచ్చు. తోడలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను తింటోంది.

రజితకూ జ్వరం పట్టింది. నాలుగో రోజు చిగుళ్ల నుంచి నెత్తురు. కరీంనగర్ తీసుకెళ్లారు. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి శవాన్ని ట్రాలీలో తెచ్చారు. కడుపులో బిడ్డా దక్కలేదు.

రాజయ్య గేటు దాకా వచ్చాడు. "గోలెం బోర్లేసిన సారు. ఇంట్ల సుక్క నీళ్లు లెవ్వు. మరి ఏడికెల్లి అచ్చింది?"

నాకు తెలుసు. చెప్పలేదు.

నవంబరులో బదిలీ అయింది. ఇంటి దగ్గర అందరూ ఒకటే అడుగుతారు, ఎంతమందిని కాల్చావని. ఒక్క తూటా పేల్చలేదు.

ఆ రోజు రాజయ్య వెళ్లాక పైవరస టైరులోకి వంగి చూశాను. తేటనీళ్లు. వెంట్రుక ముక్కలంత పురుగులు, వందలు, పైకొచ్చి ఊపిరి తీసుకుంటున్నాయి. నా నీడ పడగానే అన్నీ ఒక్కసారే అడుక్కి పోయాయి. నేను కదలకుండా నిలబడ్డాను. కాసేపటికి ఒక్కొక్కటే మళ్లీ పైకొచ్చాయి.