పర్ణాకి పక్కన పెట్టిన గ్లాసు

మంగమ్మ పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది పూలమ్మే శిఖాదీ. మొన్న శుక్రవారం పొద్దున దగ్గు కషాయానికి సోంపు, మిరియాలు నూరుతున్నాను. ఆమె గుమ్మం దగ్గర బుట్ట దించి, పూలు తీయకుండా అలాగే నిలబడింది. "మీ మాసీ తెల్లారుతుండగా వెళ్ళిపోయింది," అంది బెంగాలీలో. పెద్దమ్మను ఇక్కడ అందరూ మాసీ అనే పిలిచేవారు. చేతికంటిన ఆ ఘాటు వాసనలోంచి భవానీపూర్‌లోని పెద్దమ్మ వంటిల్లు కళ్ళముందుకొచ్చింది.

ఆమె నాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళై వచ్చింది. భర్త కార్పొరేషన్‌లో నీటి పైపుల పని చేసేవాడు. ఆమె ఇంటి ముందుగదిలో విశ్వవిద్యాలయం పిల్లలకు మధ్యాహ్నం భోజనం పెట్టేది. నాకేమో చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. బడికి పంపకుండా సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లో నాన్నే చదువు చెప్పారు. ఆయన పోయాక నన్ను వడ్డనకు పిలిచింది పెద్దమ్మ. నా ఈడు వాళ్ళు గుంపుగా కూర్చుని నవ్వుకోవడం నేను మొదటిసారి చూసింది ఆ గదిలోనే. అందుకు ఇప్పటికీ ఆమెకు దణ్ణం పెట్టుకుంటాను.

అయితే ఆ పిల్లల మాటలు మొదట్లో నన్ను భయపెట్టేవి. గంజాయి గురించీ, మత్తు మాత్రల గురించీ, సినిమా టికెట్ల గురించి మాట్లాడినంత తేలిగ్గా మాట్లాడుకునేవారు. సిగరెట్టుకన్నా నయమని ఒకరు, పరీక్షల ముందు వేసుకోనివాళ్ళెవరని ఇంకొకరు. సౌమిక్ అనే అబ్బాయి ఒకరోజు గోడమీది శివుడి పటం చూపించి, "ఆయన తాగితే పూజ చేస్తావు, మేం తాగితే తిడతావు. ఇదేం న్యాయం మాసీ?" అన్నాడు. పెద్దమ్మ బెంగాలీకి కూడా శ్రీకాకుళం యాసే ఉండేది కాబట్టి ఆమె జవాబు తెలుగులోనే రాస్తున్నాను. "ఆయన ఇసం కూడా తాగి గొంతులో ఎట్టుకున్నాడు. నీకూ ఓ గలాసు పొయ్యమంటావేటి? ముందు ఆ వంకాయ తిను." గదంతా నవ్వింది, అందరికన్నా ఎక్కువగా సౌమికే. నవ్వనిది పర్ణా ఒక్కతే.

పర్ణాది జల్పాయిగుడి. రసాయనశాస్త్రం చదివేది. మాత్రలు మానేసి రెండు నెలలైందని ఆమె పెద్దమ్మకొక్కదానికే చెప్పుకుంది. వడ్డించేదాన్ని కాబట్టి పెద్దమ్మ నాకు చెప్పింది. "బువ్వ కాస్త ఎక్కువెయ్యి. ఏటీ అడక్కు," అంది.

ఇక్కడి బెంగాలీలు విజయదశమినాడు అమ్మవారిని సాగనంపాక సిద్ధి తాగుతారు. భంగాకు, అంటే గంజాయి ఆకే, నూరి, పాలు, సోంపు, మిరియాలు కలిపిన షర్బత్ అది. సెలవులకు ఇళ్ళకు వెళ్ళని పిల్లల కోసం పెద్దమ్మ ఏటా చేసేది, తలా ఒక చిన్న గ్లాసు. ఆ ఏడు ఒక స్టీలు గ్లాసులో నిమ్మరసం పోసి పక్కన పెట్టి, "ఒలే భారతీ, ఇది పర్ణాకి. మరిచిపోకు," అంది.

నేను మరిచిపోలేదు. అది దాచుకోకుండా చెప్పాలి. పళ్ళెం పట్టుకుని వరసగా ఇస్తూ వెళ్ళాను. పర్ణా దగ్గరికొచ్చేసరికి, పండగపూట అందరి మధ్యా ఈ పిల్ల ఒక్కదానికే అమ్మ ప్రసాదం లేకుండా చేస్తామా అనిపించింది. అమ్మ పేరు చెప్పి తాగింది చెడు చేస్తుందా అనుకున్నాను. "ప్రసాదం, వద్దనకూడదు," అన్నాను. ఆమె ఒకసారి నా ముఖం చూసి, గుక్కలో తాగేసింది. నిమ్మరసం వంటింటి గట్టుమీద అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత పర్ణా భోజనానికి రాలేదు. మళ్ళీ మొదలుపెట్టిందని నాలుగోరోజు సౌమిక్ చెప్పాడు. ఈసారి అతను నవ్వలేదు. జరిగింది నేను ఏడుస్తూ చెప్పుకుంటే పెద్దమ్మ తిట్టలేదు. టిఫిన్ క్యారేజీ సర్ది, "పద," అంది. రోజూ మధ్యాహ్నం హాస్టల్ గేటు దగ్గర బెంచీమీద కూర్చునేవాళ్ళం. కాపలా అతను జాలిపడి గొడుగిచ్చాడు. ఆరోరోజు పర్ణా బయటికొచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఒక్కసారికి ఏం కాదని అందరూ అన్నారు మాసీ," అంది.

"నువ్వేటన్నావు?"

"నేనూ అదే అనుకున్నాను."

తప్పు నాదేనని చెప్పాను. "మీరు ఇవ్వకపోతే ఇంకెవరో ఇచ్చేవారు దీదీ," అంది పర్ణా, నన్ను ఓదారుస్తున్నట్టు.

పెద్దమ్మ క్యారేజీ మూత తీస్తూ అంది: "ఇచ్చేవోళ్ళు శానామందే. అందుకే భారతి ఇవ్వకుండా ఉండాల్సింది."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. దాన్ని మెత్తబరచనందుకు ఆమెకు రుణపడి ఉన్నాను. పర్ణా ఆ రోజు నాలుగు ముద్దలు తింది. ఆ వారంలోనే వాళ్ళన్నయ్య వచ్చి, వైద్యం చేయించడానికి ఊరికి తీసుకెళ్ళాడు. తర్వాత ఆమె ఫోను కలవలేదు. తోటి పిల్లలకూ ఏమీ తెలీదు. వాళ్ళు కూడా చదువులు ముగించి ఎటువాళ్ళటు వెళ్ళిపోయారు. పెద్దమ్మ సిద్ధి చేయడం మానేసింది. మంచాన పడ్డాక కూడా నేను వెళ్ళినప్పుడల్లా ముందుగా అడిగేది ఒకటే: "ఆ పిల్ల కబురేటైనా వొచ్చిందా?"

లేదని చెప్పీ చెప్పీ నాకు అలవాటైపోయింది. ఇప్పుడు అలా అడిగేవాళ్ళు లేరు. ఆ ప్రశ్న నా ఒక్కదానికే మిగిలింది. ఎవరి చేతిలో ఏది పెట్టబోయినా, చివరికి తీర్థమైనా సరే, "తీసుకుంటారా?" అని అడిగి ఆగుతాను. వద్దంటే రెండోసారి అడగను. ఎంత భక్తి ఉన్నా అది నాకు పెద్దమ్మ దగ్గరికి వచ్చేదాకా తెలియని మర్యాద.

పెద్దమ్మ నిండు జీవితం గడిపి వెళ్ళింది, ఆమె కోసం ప్రార్థించడానికి నేనున్నాను. మీరు ఏ దేవుణ్ణి తలుచుకుంటారో ఆయన దగ్గర, ఎక్కడుందో తెలియని పర్ణా పేరు ఒక్కసారి చెప్పండి.