పని కాకముందే పెట్టిన పంచెలు

ఆ రోజుల్ల నాకు తెల్వని సంగతంటూ ఏదీ లేదని నా గట్టి నమ్మకం. పంతొమ్మిదేండ్ల వయసుల అందరికి ఉండే రోగమే అది, కాకపోతే నాకు జర ముదిరింది. ఉర్దూల దరఖాస్తు రాయొచ్చు, సైకిల్ తొక్కొచ్చు, ఇంగ్లీషుల నెలల పేర్లు వరుసగ చెప్పొచ్చు. ఇంతకన్న మనిషికి ఇంకేం గావాలె అనుకునేటోన్ని. గరిడేపల్లి దగ్గర మా నాయిన నన్నూ ఎడ్లనూ ఒక్కతీరుగనే చూసేటోడు (ఎడ్లు మాట వింటయి గన్క వాటిని ఇంకింత బాగ చూసేటోడు). ఆ నాగలి తప్పించుకుందామని, పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు సూర్యాపేటల ఒక మిషన్ దవాఖానల గుమాస్తా పనికి కుదిరిన. కుదిరిన అని నేను ఊరంత చెప్పుకున్న గని, డాక్టరమ్మ ఇంకా ఖాయం చెయ్యలె. ఆమె సముద్రాలు దాటి వచ్చిన దొరసాని. తెలుగు మొత్తం పుస్తకాలల్ల నేర్చుకున్నది. "క్రిస్మసు వరకు నీ పని చూచెదను. పిమ్మట చెప్పెదను" అన్నది. ఆమె మాట్లాడితే నాకు పద్యం విన్నట్టుండేది, అర్థం ఆలస్యంగ వచ్చేది.

ఆ యేడు దవాఖానకు కొత్త వార్డు కడుతున్నరు. రోగులు వరండల పండుకొని చలికి వణుకుతుండ్రి. గోడలు కోదాడ మేస్త్రి పని, దర్వాజలు, దూలాలు మిర్యాలగూడ ముసలి వడ్రంగి పని, ఆయనను అందరం వడ్లతాత అంటుంటిమి. ఇద్దరూ పొద్దున మేం పండ్లు తోమకముందే మొదలుపెట్టేటోళ్లు. డిసెంబరు వచ్చేసరికి మీది కప్పు సగమే కట్టిండ్రు, సగానికి ఇంకా ఆకాశమే ఉన్నది. అప్పుడు డాక్టరమ్మ నన్ను పిలిచి, వాళ్లిద్దరికి పండుగ కానుకలు ఇయ్యాలె, తనే ఉన్ని టోపీలు అల్లుత అన్నది. "మేస్త్రి తలపాగ మీద టోపీ యాడ పెట్టుకుంటడమ్మా?" అన్న. "అట్లయిన వారినే అడిగిన మంచిది కదా?" అన్నది. నేను పెద్దమనిషి లెక్క నవ్వి, "మా దిక్కు అడిగి ఇయ్యరమ్మా, మర్యాద గాదు. వీళ్ల మనసు నాకు తెలుసు, నాకు వదిలెయ్యుండ్రి" అన్న. ఆమె "మంచిది. ఇదియే నీ పరీక్ష" అన్నది.

ఇగ మూడు రోజులు నాకు నిద్ర లేదు, అన్నం లేదు (అన్నం ఉన్నది గని ఆలోచిస్తనే తిన్న). గొడుగు కొందామనుకుంటే, మేస్త్రి గోడ మీద ఒక చేతిల గొడుగు, ఒక చేతిల తాపీ పట్టుకొని నిలవడ్డట్టు కండ్ల ముందర కనవడి నాకే నవ్వొచ్చింది. లాంతరు అనుకుంటే, ఇంకా పొద్దువోయిందాక పని చెయ్యుండ్రి అన్నట్టుంటదని మానుకున్న. గొంగడి అయితే ఇద్దరికీ ఉన్నది. ఆఖరికి మా నాయిన ఇల్లు కట్టిచ్చిన ముచ్చట యాదికొచ్చింది. పళ్లెంల పంచె, కండువ, కొబ్బరికాయ, ఆకువక్క పెట్టి అప్పటి మేస్త్రి చేతికిస్తే ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ కండ్లనీళ్లు నాకు బాగ గుర్తున్నయి. అవి ఏ రోజు వచ్చినయో, ఎందుకొచ్చినయో మాత్రం గుర్తు లేదు. అంతే, కోదాడ అంగట్ల రెండు జతల జరీ అంచు పంచెలు ఏరి ఏరి తెచ్చిన.

పండుగ ముందటి రోజు పగటేళ ఇద్దర్నీ నిలవెట్టి, డాక్టరమ్మతోని బొట్టు పెట్టిపిచ్చి, పళ్లాలు ఇప్పిచ్చిన. మేస్త్రి పళ్లెం దిక్కు చూసిండు, సగం కప్పు దిక్కు చూసిండు, మల్ల పళ్లెం దిక్కు చూసిండు.

"ఇప్పుడేనా బాబూ?" అన్నడు.

"ఇంకెప్పుడు? ఇయ్యాల్నే మంచిరోజు" అన్న.

"డాక్టరమ్మగారి మాటేనా ఇది?"

"ఆమె మాటనే. మీ పని కండ్లార చూసే ఇస్తున్నది" అన్న. ఆ ఒక్క మాట నేను అనకపోయినా బాగుండేది.

మేస్త్రి తాపీ కడుక్కున్నడు. వడ్లతాత ఉలి, బాడిస, రంపం గోనెసంచిల చుట్టుకున్నడు. పొయ్యేటప్పుడు దర్వాజకు అరచెయ్యి ఆనిచ్చి జరసేపు అట్లనే నిలవడి, వెనక్కి తిరగకుండ నడిచిపోయిండు. ఆయన కండ్లల్ల గూడ నీళ్లున్నయి. "చూసిండ్రా అమ్మా, ఎంత సంతోషమో" అని నేను డాక్టరమ్మకు చూపిచ్చిన. ఆమె గూడ కండ్లు తుడుచుకున్నది.

పండుగ తెల్లారి పనోళ్లు రాలె. బంధువుల ఇంటికి పోయి ఉంటరన్న. ఆ మరునాడు గూడ రాలె. ఒంట్ల బాగలేదేమో అన్న (ఇద్దరికీ ఒక్కసారే ఎట్ల బాగుండదో నేనే నమ్మలె). మూడోనాడు పొద్దున వరండల ఒక ముసలామె చలికి పండ్లు కొరుకుతుంటే డాక్టరమ్మ బయటికి వచ్చి, నెమ్మదిగ, "వారు రావలెను. వారు రానిచో నీవును రానక్కర లేదు" అన్నది. ఈసారి అర్థం వెంటనే వచ్చింది. నా కండ్ల ముందర మా నాయిన, ఎడ్లు, ముగ్గురూ కనవడ్డరు.

కోదాడ బస్సెక్కిన. మేస్త్రి ఇంటి అరుగు మీద కూసొని ఉన్నడు. వాళ్లింటామె మంచినీళ్లిచ్చింది గని పలకరియ్యలె.

"పనికి రాలేదేంది మేస్త్రీ?"

"ఎట్టా వస్తామండీ? బట్టలు పెట్టి పంపించేశారు గదా" అన్నడు. "ఇంటోళ్లు పంచె పెట్టి తాంబూలమిచ్చారంటే పని అయిపోయిందని. ఆ తర్వాత ఆ గోడ మీద ఇటుక ముక్క పెట్టినా మాలో నవ్వుతారు. ఇరవయ్యేళ్లుగా కడుతున్నాను బాబూ, సగం కప్పులో బట్టలు పెట్టినోళ్లు మీరొక్కరే. పని నచ్చకపోతే నాలుగు తిట్టుంటే పోయేది, ఇంత మర్యాద ఎందుకు చెప్పండి?"

అప్పుడు యాదికొచ్చింది. మా ఇంట్ల ఆ పంచెలు పెట్టింది ఆఖరి రోజు. ఇల్లు అప్పజెప్పి పోతున్నందుకు వచ్చిన కండ్లనీళ్లు అవి. నేను ఆ నీళ్లను చూసిన గని, ఆ రోజును మర్సిపోయిన. తప్పు నాదేనని, డాక్టరమ్మకు ఏం తెల్వదని ఒప్పుకున్న. మేస్త్రి లేచి లోపలికి పోయి పళ్లెంల అట్లనే ఉన్న పంచె తెచ్చిండు. "మీ చేత్తో మీరు వెనక్కి తీసుకోండి. మళ్లీ ఆకూ వక్కా ఇచ్చి పిలవండి, వస్తాను" అన్నడు. బజారుకు ఉరికి ఆకువక్క తెచ్చిన.

అటునుంచి అటే మిర్యాలగూడ పోయిన. వడ్లతాత నేను ఎదురుంగ నిలవడ్డా గుర్తువట్టలె, దగ్గరికొచ్చి గొంతు విన్నంకనే గుర్తువట్టిండు. "దర్వాజ వంకర వచ్చిందా బిడ్డా?" అన్నడు మొట్టమొదలు.

"లేదు తాతా, మంచిగున్నది."

"నిజం చెప్పు. ఏడాదాయె, కండ్లు ఆనుత లేవు. చేతితోని తడిమి చేస్తున్న. దొరసానమ్మ అది కనివెట్టి మర్యాదగ బట్టలు వెట్టి పంపిందనుకున్న. అందుకే అడగకుండ వచ్చిన. ఇగ నా ఉలి ఖతమే అనుకొని మూలకు వెట్టిన."

నాకు ఏడుపొచ్చింది, ఆయన ముందరనే ఏడ్చిన. ఆయనే నా వీపు నిమిరి, పంచె తెచ్చి నా చేతిల వెట్టి, నేనిచ్చిన ఆకువక్క కండ్లకద్దుకున్నడు.

మరునాడు ఇద్దరూ పనిలకు వచ్చిండ్రు. నేను జరిగిందంత చెప్పిన, ఒక్క ముక్క దాచలె. డాక్టరమ్మ లేచి వాళ్ల దగ్గరికి పోయి, "మీకేమి కావలెను?" అని సీద అడిగింది. మేస్త్రి సిగ్గుపడుకుంటనే సున్నానికి పగిలి పుండ్లైన అరచేతులు చూపిచ్చి, వీటికేమన్నా మలాం ఉంటే ఇయ్యమన్నడు. తాత కండ్లు చూపిచ్చిండు. మలాం సీసాలు, డాక్టరమ్మ దేశం నుంచి ధర్మంగ వచ్చిన కండ్లద్దాల పెట్టె దవాఖాన అల్మారిల్నే ఉన్నయి. ఆ అల్మారి తాళంచెవి పొద్దందాక నా నడుముకే ఉండేది. తాత ఒక్కొక్క జత పెట్టుకొని చూసి, ఆఖరికి ఒకటి కుదిరినంక సీద దర్వాజ దగ్గరికి నడిచిండు. పైనుంచి కిందిదాక చూసి, "తిన్నగనే వచ్చింది" అన్నడు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. బల్ల మీద పళ్లెం, పళ్లెంల కొబ్బరికాయ, ఆకువక్క, జరీ అంచు పంచె. జేబుల కలం తీసి బల్ల మీద వెట్టిన, నడుముకున్న తాళంచెవి తీసిన, గోడకు చెయ్యి ఆనిచ్చి మొక్కిన. ఆమె కుర్చీల కూసొని కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. "భయపడకుము. ఇది మా దేశపు వాడుక, పనిలో చేర్చుకొనునాడు ఇచ్చు కానుక. నీ పని ఖాయము" అన్నది. (పంచె మాత్రం మేస్త్రి తిరిగిచ్చిందే. రెండోది వార్డు కప్పు పూర్తయిననాడు, పద్ధతి ప్రకారం తాతకే పెట్టినం. మేస్త్రికి కొత్తది కొన్నం.)

ముప్పైతొమ్మిదేండ్లు ఆ దవాఖానల్నే పనిచేసిన. రిటైరైన రోజు కొత్త డాక్టర్లందరు జమై, పళ్లెంల పంచె, కండువ, కొబ్బరికాయ పెట్టి నా చేతికిచ్చిండ్రు. ఈసారి అది మా దేశపు పద్ధతే, అనుమానం లేదు. ఆ పిల్లలకు తెల్వదు గని, పొయ్యేటప్పుడు వడ్లతాత దర్వాజకు చెయ్యి ఆనిచ్చి జరసేపు నిలవడ్డ. తిన్నగనే ఉన్నది.

ఆ పంచె ఇప్పటిదాక కట్టలె. మా ఇంటామె అడుగుతనే ఉంటది, పెట్టెల వెట్టి పురుగులకు మేపుతవా అని. నేను నవ్వుత. రేపు ఎవరన్నా ఆకువక్క పట్టుకొని మల్ల పిలువనీకి వస్తే, మడత విప్పకుండ తిరిగియ్యాలె గద.