డ్రాయింగు మాస్టారి మూడు సంతకాలు

మంచినీళ్ల మిషన్లు అద్దెకిచ్చే షాపులో ఆవిడ పదహారేళ్లుగా వసూళ్ల మనిషి. తలుపు తీసేదాకా కాలింగ్‌బెల్ మీది వేలు తీయదు కాబట్టి అందరికీ గంట పిన్ని అయిపోయింది. ఇంట్లో ఎవరు నిజంగా లేరో, ఎవరు తలుపు వెనక నక్కారో గుమ్మం ముందున్న చెప్పుల్ని చూసి చెప్పేస్తుంది.

ఒకరోజు షాపు ఓనరు ఆవిడ ముందు ఫారాల కట్ట పెట్టాడు.

"ఇకనుంచి అద్దెను బ్యాంకే వాళ్ల ఖాతాలోంచి తీసి మనకి పంపుతుంది పిన్నీ. మీరు సంతకాలు పెట్టించుకు రండి, చాలు."

"అంటే నా ఉద్యోగానికి నా చేతే నీళ్లొదిలిస్తావన్నమాట."

"మీకు వేరే పని ఉందిలెండి. ముందు ఇది కానీయండి."

ప్రతి ఇంట్లోనూ ఒకటే భయం, ఖాతా మొత్తం ఊడ్చేస్తారేమోనని. పిన్ని ఓపిగ్గా చెప్పేది: "నెలకి ఇంతకు మించి తీయకూడదని ఇక్కడ మీరే రాస్తున్నారు. తీసేది ఐదో తారీకున. ముందే మెసేజ్ వస్తుంది. వద్దనుకుంటే బ్యాంకుకి చెప్పి ఆపేసుకోవచ్చు. నన్నెప్పుడైనా అలా ఆపగలిగారా?"

నవ్వి సంతకం పెట్టేవారు.

చిక్కల్లా రిటైరైన డ్రాయింగు మాస్టారితోనే. ఆయన పగటిపూట బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నారంటే పిన్ని వీధి మలుపు తిరిగిందని అర్థం. అలాంటి మనిషి ఒక్క ప్రశ్నయినా వేయకుండా సంతకం చేసేసరికి పిన్నికి అనుమానం వచ్చింది. వారం తిరక్కుండా ఫారం వెనక్కి వచ్చింది. బ్యాంకులో ఉన్న సంతకంతో కలవలేదట. రెండోసారి ఆయన సున్నాలు చుట్టి, తోకలు తిప్పి నెమలిలాంటి సంతకం చేశారు. అదీ వెనక్కి వచ్చింది.

మూడోసారి పిన్ని ఫారంతోపాటు సిరా ప్యాడ్ కూడా తెచ్చి, ఆయన భార్య చూస్తుండగా బల్ల మీద పెట్టింది.

"ఇదెందుకు?" అన్నారు మాస్టారు.

"వేలిముద్రకండీ. వయసు మీదపడింది కదా, చేతికి పట్టు తప్పినట్టుంది. ఇంకా మిమ్మల్ని కష్టపెట్టడం ఎందుకని."

"నాకా పట్టు తప్పింది? నలభై ఏళ్లు బోర్డు మీద ఒక్క ఊపులో సున్నా చుట్టిన చెయ్యమ్మా ఇది."

"అవునండీ. అప్పుడు."

ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు పెన్ను లాక్కుని, బ్యాంకులో ఉన్న సంతకాన్నే అచ్చు గుద్దినట్టు దించేశారు. పిన్ని సిరా ఆరేదాకా ఊది, ఫారం సంచీలో పెట్టుకుంది. సగం మెట్లు దిగాక పైనుంచి మాస్టారి మాట వినిపించింది.

"ఏవమ్మా, నువ్వు గట్టిదానివే."

ఐదో తారీకున రెండు వందల ఇళ్ల అద్దె ఒక్క పూటలో షాపు ఖాతాలో పడింది, మాస్టారిదీ పడింది. ఖాతాలో డబ్బు లేక తప్పిపోయినవి ఏడు. వాళ్లకి ఫోను చేసి గుర్తుచేయడమే పిన్ని కొత్త పని. ఓనరిచ్చిన నంబర్లు షాపు ఫోనులో వరసగా నొక్కుకుంటూ పోయింది. నాలుగోది నొక్కగానే బల్ల మీదున్న ఆవిడ సొంత ఫోనే మోగింది.

తన ఇంటి మిషనుకి తనూ ఫారం ఇచ్చింది. ముందురోజు చీర కొని ఖాతా ఖాళీ చేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"తీయండి పిన్నీ," అన్నాడు ఓనరు, నవ్వాపుకుంటూ.

"ఎత్తడం లేదని రాసుకో బాబూ," అంది పిన్ని.

మధ్యాహ్నం బ్యాంకుకెళ్లి డబ్బు వేసొచ్చింది. తప్పిపోయినందుకు బ్యాంకు వేసిన రుసుం మాఫీ చేయమని కౌంటరు దగ్గర అరగంట వాదించింది కానీ, వాళ్లు పైసా తగ్గలేదు.